తెలిసిన భాషలు

గోరంట్ల బస్టాండు దగ్గర మా స్నేహితుడి జిరాక్సు అంగడి ఉంది. సాయంకాలం కాసేపు అక్కడ కూర్చోవడం నాకు అలవాటు. ఆధార్ కార్డుల నకళ్ళు, పొలం పాసు పుస్తకాల నకళ్ళు, బెంగళూరు టికెట్లు, ఉద్యోగాల దరఖాస్తులు, ఇలా ఊరి అవసరాలన్నీ ఆ చిన్న గదిలోంచే పోతుంటాయి. మొన్నొక సాయంత్రం పక్క తండా నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ఐటీఐ చదివాడు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసిచ్చే ఏదో కంపెనీలో మనుషుల్ని తీసుకుంటున్నారట, రెజ్యూమె టైపు చేయించుకోవాలట. పేరు, తండ్రి పేరు, చదువు, మార్కులు అన్నీ అయినాక ‘తెలిసిన భాషలు’ అన్న గడి దగ్గర మా స్నేహితుడు ఆగి, “ఏమేం కొట్టమంటావప్పా?” అని అడిగాడు. “తెలుగు, ఇంగ్లీషు” అన్నాడు అబ్బాయి తడుముకోకుండా. అంతలో ఫోను మోగింది. వాళ్ళమ్మ కాబోలు, లంబాడీలో మాట్లాడాడు. బయట బండి మీద కూర్చున్న నేస్తుడు తొందరపెడితే ఉర్దూలో జవాబిచ్చాడు. మాటల్లో పెట్టి అడిగితే తెలిసింది, ఉర్దూ షెడ్డులో పని నేర్పిన భాయ్ దగ్గర పట్టుబడిందట. వాళ్ళ నాయనతో బెంగళూరుకు సెంట్రింగ్ పనికి పోయి వచ్చినవాడు, కన్నడం కూడా బాగా వచ్చు. “మరి అవన్నీ రాయించవేం నాయనా?” అన్నాను. “అవి భాషలేముండాయి సార్, ఊరికే మాట్లాడేవి” అన్నాడు. “ఇంగ్లీషు మాట్లాడతావా?” అంటే తల దించుకుని, “మాట్లాడేకి రాదు సార్, చదువుతా” అన్నాడు.

ఆ మాట నన్ను వదలడం లేదు. ఊరికే మాట్లాడేవి! అమ్మను అన్నం అడిగిన భాష, మేస్త్రీతో పేచీ పడి కూలి రాబట్టుకున్న భాష, షెడ్డులో పని నేర్పిన భాయ్ కసిరిన భాష, ఇవన్నీ ఊరికే మాట్లాడేవి. నోరు తెరిచి ఒక వాక్యం పలకలేని ఇంగ్లీషు మాత్రం తెలిసిన భాష. ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను. ఆ గడి పెట్టినవాళ్ళు ఏ జవాబు కోరుకుంటున్నారో అతనికి బాగా తెలుసు. ఇన్నేళ్ళ చదువు అతనికి ఆ సంగతి గట్టిగానే నేర్పింది. కానీ నేర్పింది ఏమిటి? నీకు వచ్చినదానికి విలువ లేదు, రానిదాన్ని వచ్చినట్టు రాసుకో అనే కదా. నాలుగు భాషల్లో బతుకుతున్న మనిషి కాగితం మీదికి వచ్చేసరికి ఇంత తక్కువ మనిషిగా ఎందుకు కనిపించాలి? ఇది ఒక్క అబ్బాయి సంగతయితే మరిచిపోయేవాణ్ణి. ఆ అంగడిలో ఆ గడిని ఎంతమంది అట్లా నింపుకుని పోతుంటారో చూస్తూనే ఉన్నాను. సాయిబుల ఇంటి ఆడపిల్ల ఉర్దూ రాయించదు. మడకశిర వైపు నుంచి కోడలిగా వచ్చిన అమ్మాయి కన్నడం రాయించదు.

మా ప్రాంతంలో ఒక్క భాషతో బతికినవాళ్ళు ఎప్పుడైనా ఉన్నారా అని ఆలోచిస్తే నాకు ముందుగా మా అవ్వ గుర్తొస్తుంది. వేలిముద్ర మనిషి. చింతపండు కొట్టి, గింజ తీసి, హిందూపురం మార్కెట్టుకు వేసుకుపోయేది. అక్కడ కొనేవాళ్ళలో గౌరిబిదనూరు వైపు నుంచి వచ్చిన కన్నడంవాళ్ళు ఉంటారు, ఉర్దూ మాట్లాడే మండీవాళ్ళు ఉంటారు. అవ్వ ఎవరి భాషలో వాళ్ళతో బేరమాడేది. ఆమె కన్నడంలో తెలుగు ఎంతుందో, ఆమె ఉర్దూలో కన్నడం ఎంతుందో లెక్క తేల్చడం పండితులకు కూడా కష్టం. లింగాలు తారుమారయ్యేవి, క్రియలు విరిగేవి. అయినా ఆమెను తూకంలో మోసం చేసినవాడు లేడు. ఎవరైనా నవ్వితే తానూ నవ్వి, “సరిగా అనేదెట్లో నువ్వే చెప్పు నాయనా” అని అడిగి, ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చేది. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టులో ఈనాటికీ ఇంచుమించు ఇదే పద్ధతి. పురుగులు గూడు కట్టే చంద్రికల మీద నుంచి తీసి తెచ్చిన గూళ్ళు పళ్ళేల్లో పోస్తారు, దారం తీసే రీలర్లు చేత్తో అదిమి చూస్తారు, పాట పెరుగుతుంది. రైతు తెలుగువాడు, పాడేవాడి ఇంటి భాష ఉర్దూ, పక్కన నిలబడినవాడు కర్ణాటక నుంచి వచ్చినవాడు. కిలో ధర పడిపోతే నెల కష్టం పోయే చోట ఎవరికీ ఎవరి మాటా అర్థం కాకపోవడమంటూ ఉండదు. అక్కడ భాష తప్పులు ఎంచే తీరిక ఎవరికీ లేదు, ఆ అవసరమూ లేదు.

ఈ కలుపుగోలుతనం కొత్తది కాదు. గోరంట్ల నుంచి కొడికొండ దాటి బెంగళూరు రోడ్డు పట్టుకుంటే ముందు వచ్చేది బాగేపల్లి. పేరుకు కర్ణాటక, ఇళ్ళలో తెలుగు. ఇంకాస్త అవతల కైవారంలో తాతయ్య అని అందరూ పిలుచుకునే నారాయణప్ప తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పుకున్నాడు. వినేవాళ్ళు ఇది ఏ భాష అని అడిగి విన్నారా? ఇటు మన వైపు మడకశిర, రొళ్ళ, అగళి, అమరాపురం మండలాల్లో ఇంటి మాట కన్నడం, సర్కారు బళ్ళలో కన్నడ మాధ్యమం ఉంది. ఆ అమరాపురం మండలంలోని హేమావతి ఒకప్పుడు నొళంబుల రాజధాని. ఇదే అనంతపురం నేల మీద పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు, కన్నడం, సంస్కృతం, ప్రాకృతం నాలుగింటిలో పండితుడై, మైసూరు మహారాజా కళాశాలలో కన్నడ దేశపు పిల్లలకు తెలుగు పాఠం చెప్పాడు. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ తెలుగు నాటకమాడినంత ధీమాగా కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఆడాడు. వాళ్ళు మహానుభావులు, నిజమే. కానీ ఆ మహానుభావులు మొలిచిన నేల మా అవ్వ నడిచిన నేలే. ఒక భాష పక్కన ఇంకొక భాషను పెట్టుకుని బతకడం ఇక్కడ ఇంటింటికీ తెలిసిన విద్య.

ఆ మధ్య పాత రికార్డుల మీద వచ్చిన పుస్తకాలు చదువుతుంటే 1823 నాటి ఒక నివేదిక కంటపడింది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఏ జిల్లాలో ఎన్ని బళ్ళున్నాయో లెక్క తీయమని అంతకు ముందటి ఏడాది కలెక్టర్లకు రాశాడు. ఈ మన్రో మనకు పరాయివాడు కాడు, దత్తమండలాలకు తొలి కలెక్టరుగా 1800 నుంచి ఏడేళ్ళు అనంతపురం కేంద్రంగా ఇక్కడే తిరిగినవాడు. అప్పట్లో మన ప్రాంతంలో ఎక్కువ భాగం బళ్ళారి జిల్లా కింద ఉండేది, అనంతపురం జిల్లా విడిపోయింది 1882లో. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన లెక్క ఇది: మొత్తం 533 బళ్ళు. కన్నడం నేర్పేవి 235, తెలుగు 226, మరాఠీ 23, పారశీకం 21, అరవం 4, బ్రాహ్మణ విద్యార్థులకు మాత్రమే సంస్కృతం చెప్పేవి 23. ఇంగ్లీషు నేర్పేది ఒకే ఒక్క బడి. ఆ ఒక్క అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రెండు వందల ఏళ్ళలో ఆ ఒకటి ఇంత అయింది. మిగతా అంకెలన్నీ దాని నీడలోకి జరిగాయి.

అయితే ఆ లెక్క చూసి ఆ కాలం బంగారు కాలమని మురిసిపోవడానికీ నాకు మనసొప్పలేదు. తొమ్మిది లక్షలు దాటిన జనంలో బడికి పోయింది 6,641 మంది. అందులో ఆడపిల్లలు 60 మంది. ఊరి చివర ఇళ్ళ పిల్లలు ఆ బడి అరుగుల మీదికి ఎక్కి కూర్చోగలిగారా? నాకు అనుమానమే. క్యాంప్‌బెల్ ఇంకొక సంగతి కూడా రాశాడు. పిల్లలు పద్యాలకు పద్యాలు గడగడా అప్పజెబుతారట, వాటి అర్థం మాత్రం చిలుకకు ఎంత తెలుసో వాళ్ళకూ అంతే తెలుసట. పద్యాల భాష ఒకటి, ఇంట్లో మాట్లాడే భాష ఒకటి కావడమే కారణమన్నాడు. దొర మాట కాబట్టి కొంత తగ్గించి తీసుకుందాం. అయినా ఇప్పుడు మన బళ్ళలో ఇంగ్లీషు ప్రశ్నలకు గైడులోని జవాబులు కామాతో సహా అప్పజెప్పే పిల్లల్ని చూసినప్పుడు ఆ వాక్యం గుర్తుకు రాకుండా ఉంటుందా? అంటే జబ్బు ఇంగ్లీషుది కాదు. అర్థంతో పని లేకుండా నోటికి భాష ఎక్కించడం అనే జబ్బు మన బడికి ముందునుంచే ఉంది. అప్పుడు అది తెలుగు పద్యం మీద పడింది, ఇప్పుడు ఇంగ్లీషు వ్యాసం మీద పడింది.

ఇంగ్లీషు మాధ్యమం గురించి మన రాష్ట్రంలో జరిగిన గొడవ అందరికీ తెలిసిందే. 2019 నవంబరులో సర్కారు బళ్ళన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారుస్తూ ఉత్తర్వులొచ్చాయి, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేసింది, ఆ వెంటనే తల్లిదండ్రుల నుంచి కాగితాలు తీసుకుంటే 96 శాతం పైగా ఇంగ్లీషే కావాలన్నారు. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు వచ్చాయి. వాదాలు రెండు వైపులా నడిచాయి. తెలుగు పోతుందన్నవాళ్ళ బాధ నాకు తెలుసు, అది నా బాధ కూడా. కానీ ఒక సంగతి గుండెల మీద చేయి వేసుకుని చెప్పుకోవాలి. తెలుగు నిలబడాలని సభల్లో మాట్లాడినవాళ్ళలో ఎంతమంది పిల్లలు సర్కారు తెలుగు బడిలో చదివారు? మా వీధిలో ఇళ్ళల్లో పనిచేసే ఒకామె ఆ రోజుల్లో నాతో, “మీ పిల్లోళ్ళకి కావాల్సింది మా పిల్లోళ్ళకి ఎందుకొద్దంటారన్నా?” అని అడిగింది. ఆమెది మాల పేట. ఆమె తాత ఊళ్ళో బడి అరుగు ఎక్కలేదు. తెలుగు గొప్పతనం గురించి నేను ఆమెకు ఏం చెప్పగలను? ఆ గొప్పతనాన్ని ఆమె ఇంటి గడప దాకా మనం ఎప్పుడు తీసుకుపోయాం? ఇంగ్లీషు ఆమెకు అందకుండా చేసే ఏ వాదంలోనూ నేను నిలబడలేను. అది ఆమె బిడ్డకు రావాలి, మాధ్యమం పేరు బోర్డు మీద మారడంతో సరిపోకుండా, నిజంగా నోటికి రావాలి.

అక్కడే నాకు చిక్కు పడుతుంది. ఆ తండా అబ్బాయికి లంబాడీ, తెలుగు, కన్నడం, ఉర్దూ వచ్చాయి కదా, ఏళ్ళకేళ్ళు పుస్తకం చేతిలో ఉన్న ఇంగ్లీషు ఎందుకు రాలేదు? తెలివి తక్కువా అంటే నాలుగు భాషలు ఎదురుగా నిలబడి కాదంటున్నాయి. పంతుళ్ళు సరిగా చెప్పలేదు అనేసి ఊరుకోవచ్చు. అదీ పూర్తి నిజం కాదని నా అనుమానం, ఒళ్ళు వంచి చెప్పే పంతుళ్ళు మా మండలంలోనే ఉన్నారు. ఆలోచించగా ఆలోచించగా నాకు తోచింది ఇది. కన్నడం నేర్చుకునేటప్పుడు అతని ఎదుట ఒక కన్నడం మనిషి ఉన్నాడు. ఉర్దూకు ఒక భాయ్ ఉన్నాడు. ఇంగ్లీషుకు మనిషి లేడు. పుస్తకం ఉంది, పరీక్ష ఉంది, మార్కు ఉంది. అడిగితే జవాబు చెప్పే మనిషి, చెప్పింది అర్థం కాకపోతే మొహం చిట్లించే మనిషి, అర్థమయితే చేయి తట్టే మనిషి లేడు. మనిషి లేని భాషను ఎవరి కోసం మాట్లాడాలి? పోనీ ధైర్యం చేసి ఎవడైనా క్లాసులో ఒక వాక్యం కూడగట్టి చెబితే పక్కవాళ్ళు నవ్వుతారు. మా అవ్వను చూసి నవ్విన నవ్వు వేరు, ఈ నవ్వు వేరు. చింతపండు మండీలో నవ్వినవాడికి ఆమెతో పని ఉంది, నవ్వేసి సరిదిద్దాడు. క్లాసులో నవ్విన నవ్వు నోరు మూయిస్తుంది. ఒకసారి మూసుకున్న నోరు మళ్ళీ తెరుచుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో నేను ఎదిగిన మనుషుల్లో కూడా చూశాను. బ్యాంకులో ఇంగ్లీషు మాట్లాడే కొత్త మేనేజరు వస్తే, లోను గురించి అడగాల్సింది అడగకుండా వెనుదిరిగిన డిగ్రీ చదివిన రైతులు మా ఊళ్ళో ఉన్నారు.

ఈ ఆలోచనలో ఉండగానే మా దూరపు బంధువు ఒకామె కువైట్ నుంచి వచ్చింది. వానలు లేక శెనక్కాయ పంట వరుసగా పోయి, బోర్లు ఎండి, అప్పు మీద పడిన ఏళ్ళలో అక్కడ కద్దామా అనే ఇంటిపనికి పోయిన మనిషి. ఐదో తరగతితో బడి మానేసింది, ఇప్పుడు అరబ్బీ గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది. ఎట్లా నేర్చుకున్నావక్కా అంటే, మొదట్లో పనిచేసిన ఇంట్లో ఇండోనేషియా పిల్ల ఒకతె ఉండేదని, తనకంటే ముందు వచ్చిందని చెప్పింది. “దానికి తెలుగు రాదు, నాకు దాని మాట రాదు. ఇద్దరికీ వచ్చిండేది ఆ ఇంటోళ్ళ అరబ్బీనే, అదీ సగం సగం. అదే మాట్లాడుకుంటాంటిమి. నాకు ఏడుపొచ్చినా దాంట్లోనే చెప్పుకుంటి” అంది. నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. ఇద్దరిదీ కాని ఒక భాషలో, సగం సగం వచ్చిన భాషలో, ఇద్దరు ఆడవాళ్ళు ఇల్లు విడిచి వచ్చిన దుఃఖం చెప్పుకున్నారు. వ్యాకరణం ఎవరూ అడగలేదు. ఆ పిల్ల ఇంటికి పోయాక కూడా కొన్నాళ్ళు ఫోనులో పలకరించుకున్నారట, అదే అరబ్బీలో.

ఆ తర్వాత నేను ఇండోనేషియా గురించి దొరికింది దొరికినట్టు చదివాను. పదిహేడు వేలకు పైగా ద్వీపాలు, ఏడు వందలకు పైగా భాషలు. డచ్చివాళ్ళు ఏలిన దేశం కాబట్టి మనకు మాదిరి ఇంగ్లీషు అక్కడ దొరల భాషగా రాలేదు. 1928 అక్టోబరు 28న యువకులు కూడి ఒక దేశం, ఒక జాతి, ఒక భాష అని ప్రతిన చేసినప్పుడు వాళ్ళు ఎంచుకున్న భాష ఎక్కువమంది మాట్లాడే జావా భాష కాదు. రేవుల్లో, ఓడల్లో, సంతల్లో పరాయివాళ్ళు ఒకరితో ఒకరు బేరమాడుకోవడానికి వాడిన మలయ భాషను తీసుకుని దానికి ఇండోనేషియా భాష అని పేరు పెట్టుకున్నారు. అప్పటికి దాన్ని ఇంటి భాషగా మాట్లాడేవాళ్ళు కొద్దిమంది. ఊరికే మాట్లాడే సంత భాష ఒక దేశానికి భాష అయింది! పెద్ద భాషవాళ్ళు తగ్గి నిలిచారు కాబట్టే అది సాధ్యపడింది. మన దేశంలో ఆ తగ్గడం అంత సులువు కాదని మనకు తెలుసు. దానివల్ల అక్కడి చిన్న భాషలకు మేలే జరిగిందని కూడా చెప్పలేను. బడి భాష పెరిగిన కొద్దీ ఇంటి భాషలు సన్నబడుతున్నాయన్న బాధ వాళ్ళకూ ఉంది. ఇక ఇంగ్లీషు విషయంలో వాళ్ళ పంతుళ్ళ గోడు వింటే మన పంతుళ్ళ గోడు విన్నట్టే ఉంటుంది. ఏళ్ళ తరబడి చదువుతారు, మాట్లాడమంటే నవ్వుతారేమోనని భయపడతారు. 2013లో తెచ్చిన పాఠ్యప్రణాళికలో ప్రాథమిక బడి సబ్జెక్టుల్లోంచి ఇంగ్లీషును తీసేశారు కూడా.

కానీ అక్కడ ఒక ఊరుంది. జావా ద్వీపం తూర్పున, కెదిరి జిల్లాలో, పారె అని. 1977లో కలెండ్ ఒసెన్ అనే ఆయన అక్కడ ఒక చిన్న ఇంగ్లీషు బడి పెట్టాడు. బహుభాషావేత్త అయిన గురువుగారి దగ్గర ఆయనే శిష్యుడిగా ఉండేవాడు. గురువు ఊళ్ళో లేని రోజున ఇద్దరు కాలేజీ పిల్లలు పరీక్షకు ఇంగ్లీషు చెప్పమని వస్తే, గురువుగారి భార్య వాళ్ళను ఈయన దగ్గరికి పంపింది. మసీదు వసారాలో కూర్చోబెట్టి చెప్పాడు. వాళ్ళు పాసయ్యారు, మాట పాకింది, పిల్లలు రావడం మొదలైంది. ఆయన దగ్గర చదివినవాళ్ళు ఆ ఊళ్ళోనే ఇంకొన్ని బళ్ళు పెట్టారు. ఇప్పుడు అదొక ఇంగ్లీషు ఊరు. దేశం నలుమూలల నుంచి పిల్లలు వచ్చి, ఊరివాళ్ళ ఇళ్ళల్లో అద్దెకు దిగి, సైకిళ్ళ మీద తిరుగుతూ నెలల తరబడి ఉండిపోతారు. కొన్ని బసల్లో అడుగుపెట్టాక ఇంగ్లీషు తప్ప వేరే మాట ఆడకూడదని నియమం. అన్నం అడగాలన్నా, బకెట్టు కావాలన్నా ఇంగ్లీషే. అక్కడ ఇంగ్లీషు దొర ఎవడూ లేడు. ఒక ఇండోనేషియా పిల్లవాడికి ఇంకొక ఇండోనేషియా పిల్లవాడే ఎదుటి మనిషి. అందరివీ తప్పులే, అందరికీ అవసరమే. లేని మనిషిని వాళ్ళు ఒకరికొకరు అయి తయారు చేసుకున్నారు. ఇది చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నాలుగు భాషల మనుషులున్న గోరంట్లకు ఇది చేతకాని పనా?

మా వైపు మరొక మార్పు కూడా చూస్తున్నాను. 2019 నుంచి పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి. హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి. అనుబంధ కంపెనీల్లో మా ఊరి పిల్లలు పనిచేస్తున్నారు. అట్లాంటి ఒక అమ్మాయి తన కొరియా సూపర్‌వైజరు గురించి చెబుతూ, “ఆయనకీ ఇంగ్లీషు అంతంత మాత్రమే సార్, అందుకే నాకు భయం లేదు” అంది. ఆమె మాటలో నాకు పెద్ద వెలుగు కనిపించింది. కొరియా మనిషిదీ కాని, తెలుగు పిల్లదీ కాని భాషలో బోల్టు బిగింపు గురించీ, పెయింటులో మచ్చ గురించీ, ఇంట్లో జ్వరం గురించీ మాట్లాడుకుంటున్నారు. ఈ పీఠభూమి మీదికి ఇప్పుడు వస్తున్న ఇంగ్లీషు లండను ఇంగ్లీషు కాదు. మా అవ్వ చింతపండు అమ్మిన కన్నడం లాంటిది. దాన్ని అట్లా నేర్చుకుంటేనే మా పిల్లలకు వస్తుంది, వచ్చినా పక్క భాషల్ని తొక్కకుండా వస్తుంది. భయంతో నేర్చిన ఇంగ్లీషు మనిషిని తన ఇంటి మాటకు సిగ్గుపడేలా చేస్తుంది. తండాల్లో చదువుకున్న తల్లిదండ్రులు పిల్లలతో లంబాడీ మానేసి తెలుగు, తెలుగు మానేసి రెండు ముక్కల ఇంగ్లీషు మాట్లాడటం నేను చూస్తున్నాను. ఆ ఇంగ్లీషు పిల్లలకు రావడం లేదు, లంబాడీ మాత్రం పోతోంది. ఈ నష్టం ఏ సర్కారు లెక్కలోకీ ఎక్కడం లేదు. లంబాడీలు కొలిచే సేవాలాల్ మహరాజ్ గుత్తి దగ్గర పుట్టిన పాత అనంతపురం జిల్లా ఇది. ఆయన భాష ఆయన జిల్లాలోనే భాష కాకుండా పోతే మనమందరం బాధ్యులం.

చెప్పదలచింది పంతుళ్ళకు ఒకటుంది. ఇంగ్లీషు పీరియడులో మొదటి రోజే పిల్లల్ని ఎవరికి ఏ భాషలు వచ్చునో అడిగి నల్లబల్ల మీద రాయండి. ఉర్దూ, కన్నడం, లంబాడీ, ఎరుకల మాట, అన్నీ. ఇన్ని నేర్చినవాడికి ఇంకొకటి ఎంతని వాళ్ళకు మీరే చెప్పండి. ఆ రోజు నుంచి తప్పు మాట్లాడినవాణ్ణి చూసి నవ్వడం మాత్రం క్లాసులో సాగనివ్వకండి. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. అర్థం కానిచోట తెలుగులో చెప్పడానికి మీరూ వెనకాడకండి, తెలుగు ఆనుకుని నిలబడే గోడ.

ఇంకొక విన్నపం పాలసముద్రంవాళ్ళకు. మా గోరంట్ల మండలంలోని ఆ ఊళ్ళో 2024 జనవరి 16న ప్రధానమంత్రి వచ్చి కస్టమ్స్, పరోక్ష పన్నుల జాతీయ అకాడమీని ప్రారంభించారు. దేశమంతటి నుంచి యువ అధికారులు శిక్షణకు వస్తున్నారు. ఆ పెద్ద గోడ లోపల రోజంతా ఇంగ్లీషు, హిందీ నడుస్తుంటాయి. గోడకు ఇవతల మా పిల్లలకు మాట్లాడటానికి ఎదుటి మనిషి లేడు. అయ్యా, అమ్మా, వారానికి ఒక సాయంకాలం చుట్టుపక్కల సర్కారు బళ్ళకు రండి. పాఠాలు చెప్పనక్కర్లేదు, పుస్తకాలు పంచనక్కర్లేదు. చెట్టు కింద కూర్చుని మీ ఊరు ఏమిటి, మీ ఇంట్లో ఏం వండుతారు అని మాట్లాడండి, మా పిల్లల్ని అడగనివ్వండి. మీలో ఒడియావాళ్ళుంటారు, మరాఠీవాళ్ళుంటారు, మిజోవాళ్ళుంటారు. వచ్చేటప్పుడు ఆ భాషలు కూడా వెంట తీసుకురండి, మా పిల్లలు వాటినీ నేర్చుకుంటారు.